ఆసు యంత్రం – చిన్న చిప్పు

ఆర్మీ ఇ.ఎం.ఇ.లో పనిచేసి, సుబేదారుగా రిటైరై సూరత్‌లో స్థిరపడ్డాను. ఇక్కడ లింబాయత్ వైపు మన పద్మశాలీలు చాలామంది మరమగ్గాల మీదే బతుకుతున్నారు. నేతపనిలోకి చిప్పు వచ్చిన తీరు మన సభ్యులకు తెలియాలని ఈ నాలుగు మాటలు.

పోచంపల్లి పట్టుచీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. చిన్నతనంలోనే బడి మానిన ఆయన, తర్వాత పుస్తకాలు కొనుక్కుని మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, దాన్ని యంత్రంలో పెట్టారు.

ఇది ఎలా సాధ్యమైంది? 1980లో ఇంటెల్ 8051 వచ్చిన రోజుల్లో ప్రోగ్రాంను ఫ్యాక్టరీలోనే చిప్పులో వేసేవారు. వేలల్లో ఆర్డరుంటేనే గిట్టుబాటు. తక్కువ కావాలంటే గాజు కిటికీ ఉన్న ఖరీదైన చిప్పు కొనాలి, చెరపడానికి అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టాలి. 1990లలో ఫ్లాష్ చిప్పులు వచ్చాక పది బోర్డులైనా సరే, మామూలు కంప్యూటరుతోనే ప్రోగ్రాం ఎక్కించుకోవచ్చు. తప్పైతే చెరిపి మళ్లీ ఎక్కించవచ్చు. ఆసు యంత్రం అవసరమయ్యేది కొన్ని ఊళ్లకే. అలాంటి దానికి ఈ పద్ధతే దారి.

ప్రభుత్వం 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

సూరత్‌లో కొత్త మగ్గాలకూ బోర్డులే. కూలి మీటరు లెక్కన. బోర్డు ఆగితే మీటరూ ఆగుతుంది, పొయ్యీ ఆగుతుంది. సర్వీసులో రిపేరు పని నేర్చిన మనం ఆ పిల్లలకు ఆదివారాలు నేర్పితే, అదీ దేశసేవే.

జై హింద్.