సౌర ప్రభావం – హామ్ రేడియో ప్రసారం

హామ్ రేడియో సంకేతాలు షార్ట్‌వేవ్‌లో (3–30 మెగాహెర్ట్జ్) ఎంత దూరం వెళ్తాయన్నది ముఖ్యంగా సూర్యుడిపై ఆధారపడి ఉంటుంది. సూర్యుని అతినీలలోహిత, ఎక్స్ కిరణాల వల్ల సుమారు 60 కి.మీ. ఎత్తు నుంచి ఏర్పడే ఐనో ఆవరణం ఈ తరంగాలను తిరిగి నేలకు వంచుతుంది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అయస్కాంత భూమధ్యరేఖకు కొద్దిగా ఉత్తరాన ఉండడంతో ఇక్కడి ప్రసారానికి కొన్ని ప్రత్యేకతలున్నాయి.

పొరలు, దూరాలు

ఐనో ఆవరణంలో పగటిపూట ఉండే డి పొర తక్కువ పౌనఃపున్యాలను పీల్చుకుంటుంది; రాత్రికి అది దాదాపు కనుమరుగవుతుంది. దూర ప్రసారానికి ఆధారం 200–400 కి.మీ. ఎత్తులోని ఎఫ్ పొర. ప్రొద్దుటూరు నుంచి దాదాపు నిట్టనిలువుగా పంపిన 7 మెగాహెర్ట్జ్ తరంగం పగలు సాధారణంగా ఈ పొరను తాకి పులివెందులలో దిగుతుంది. 21 మెగాహెర్ట్జ్ తరంగం అలా పంపితే పొరను చీల్చుకుని పోతుంది. ఏటవాలుగా పంపితే పులివెందులను దాటేసి వేల కిలోమీటర్ల అవతల వినిపిస్తుంది. 144 మెగాహెర్ట్జ్ సంకేతాలు మామూలుగా ఈ పొరలతో పని లేకుండా నేరుగా సాగుతాయి. వాటికి కొండలే అడ్డు.

సౌరచక్రం

సూర్య మచ్చల సంఖ్య సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంది. 2019 డిసెంబరులో మొదలైన 25వ చక్రం గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో నాసా ప్రకటించింది. గరిష్ఠ దశలో 28 మెగాహెర్ట్జ్‌పై 10 వాట్లతోనూ ఖండాంతరాలకు మాట్లాడవచ్చు. కనిష్ఠ దశలో ఆ బ్యాండు చాలా రోజులు మూగబోతుంది.

సౌరజ్వాలలు, తుఫానులు

సౌరజ్వాల వెలువరించిన ఎక్స్ కిరణాలు 8 నిమిషాల్లో భూమిని చేరి డి పొరను దట్టం చేస్తాయి. పగలున్న ప్రాంతాల్లో షార్ట్‌వేవ్ కొన్ని నిమిషాల నుంచి గంటకు పైగా స్తంభిస్తుంది. సూర్యుడు వెదజల్లిన ప్లాస్మా సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో చేరి అయస్కాంత తుఫాను రేపుతుంది. 2024 మే 10న వచ్చిన అత్యంత తీవ్రమైన జి5 స్థాయి తుఫాను 2003 తర్వాత ఆ స్థాయిలో మొదటిది. ఇలాంటప్పుడు ధ్రువప్రాంతం మీదుగా ఉత్తర అమెరికాకు వెళ్లే సంకేతాలు బాగా దెబ్బతింటాయి.

స్థానిక ప్రత్యేకత

సూర్యాస్తమయం తర్వాత భూమధ్యరేఖా ప్రాంతపు ఎఫ్ పొరలో ప్లాస్మా బుడగలు ఏర్పడి సంకేతాలు వణుకుతాయి. మార్చి, సెప్టెంబరు విషువత్తుల సమయంలో, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో ఇది ఎక్కువ. తిరుపతి సమీపంలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల 53 మెగాహెర్ట్జ్ రాడార్‌తో వీటిని అధ్యయనం చేస్తోంది.

సూచికలు

సూర్యుని చురుకుదనాన్ని తెలిపే ఎఫ్10.7 సౌర ప్రవాహం ఎక్కువగా, అయస్కాంత అలజడిని తెలిపే, 0–9 మధ్య ఉండే కేపీ సూచిక తక్కువగా ఉన్న రోజులు దూర ప్రసారానికి అత్యంత అనుకూలం.