టాడీ: తాటిచెట్టు దిగి విస్కీ గ్లాసులోకి

మడికొండ దిక్కు కల్లు మండువ కాడ ‘గౌడన్నా, టాడీ పొయ్యి’ అంటే నవ్వుతడు. అక్కడ అది కల్లే. కానీ ఆ ఇంగ్లీషు మాటకు వేరు తాటిచెట్టే. సంస్కృతంలో తాలం, మనకు తాడి; హిందీలో చెట్టు తాడ్, కల్లు తాడీ. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఆ హిందీ మాటను ఎత్తుకెళ్లారు. 18వ శతాబ్దానికి విస్కీ, వేడినీళ్లు, చక్కెర కలిపిన గ్లాసుకు స్కాట్లండ్‌లో అదే పేరు తగిలించారు. చుక్క కల్లు లేని టాడీ! జలుబుకైతే నిమ్మరసం, తేనె కూడా.

మనవాళ్లకు విస్కీలో సోడానో ఐసో పడాలి. వేడినీళ్లంటే మొహం చిట్లిస్తారు. కల్లుకు అవేవీ అక్కర్లేదు. పొద్దుగాల దింపిన లొట్టి, చేతిలో తాటాకు రేక. ఎండెక్కితే పులుస్తది, జల్ది తాగాలె.