రాజమహేంద్రవరం కేంద్ర కారాగారం

గోదావరి తీరాన రాజమహేంద్రవరంలో ఉన్న చారిత్రక కారాగారం. 1864లో జైలుగా ఏర్పడి, 1870లో కేంద్ర కారాగార స్థాయికి పెరిగింది.

నేపథ్యం: మెకాలే సభ్యుడిగా 1836లో నియమితమైన జైళ్ల సంఘం 1838లో నివేదిక ఇచ్చింది. ఏడాదికి మించి శిక్ష పడినవారికి కేంద్ర కారాగారాలు కట్టాలని సూచించింది. కిక్కిరిసిన జైళ్లలో రోగాలతో ఖైదీలు చనిపోతుండటంతో, 1864 నాటి రెండో సంఘం ఒక్కో ఖైదీకి 54 చదరపు అడుగుల చోటు ఉండాలంది. జైళ్ల విస్తరణకు ఇవే ప్రాతిపదికలు.

నిధులు: 1870 వరకు జైళ్ల ఖర్చుకు రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్ర ఖజానా మీదే ఆధారపడేవి. ఆ ఏడాది డిసెంబరు 14న వైస్రాయి మేయో తీర్మానం జైళ్లు, పోలీసు, విద్య, వైద్యం, రోడ్ల వంటి శాఖలను ఏటా స్థిరమైన గ్రాంటుతో రాష్ట్రాలకు అప్పగించింది. గ్రాంటు చాలకపోతే ఆ లోటును ఈ ప్రాంతాన్ని పాలించిన మద్రాసు ప్రభుత్వమే పూడ్చుకోవాలి. దాంతో జైలు గోడకూ బడి కప్పుకూ ఒకే సంచిలోంచి డబ్బు తీయాల్సి వచ్చింది. ఖర్చు తగ్గించుకునేందుకు బ్రిటిషు ఇండియా జైళ్లలో ఖైదీల చేత వస్తువులు తయారుచేయించేవారు. ఆ శ్రమ ఫలం ఖజానాకే దక్కడం అన్యాయం.

తరువాతి కాలం: 1894 కారాగారాల చట్టం దేశమంతటా జైళ్ల నిర్వహణను ఒకే పద్ధతిలోకి తెచ్చింది. స్వాతంత్ర్యోద్యమంలో ఎందరో సత్యాగ్రహులు ఇక్కడ శిక్ష అనుభవించారు. సుమారు 196 ఎకరాల ఆవరణలో ఈ కారాగారం నేటికీ పనిచేస్తోంది.