దాదీమా ఛురీ, కోనసముద్రం ఫౌలాద్

బక్రీద్ వస్తోందంటే మా ఇంట్లో అటక మీది సందూక్ లోంచి దాదీమా ఛురీ కిందికి దిగుతుంది. జానెడు పొడవు. దస్తా నల్లటి జిట్రేగి చెక్క, దాని మీద ఇత్తడి తీగ పొదిగి తీర్చిన చిన్న బేల్‌బూటా. ఏడాదంతా స్టీలు కత్తితో పని జరిగిపోతుంది గానీ, ఖుర్బానీ గోష్త్ ముక్కలు చేసేది మాత్రం దీనితోనే. చిన్నప్పుడు మాకు చెప్పిన మాట ఒకటే: ఇది మామూలు ఇనుము కాదు, కోనసముద్రం ఫౌలాద్. పర్‌దాదా కాలంలో విరిగిన షంషీర్‌ను తుంచి చేయించారట. ఈ సంగతి చెప్పి మదరసాలోనూ, స్కూల్లోనూ ఎంత షాన్ కొట్టానో.

మా షాన్ సంగతి పక్కన పెడితే, కోనసముద్రం మాత్రం ఖిస్సా కాదు, తారీఖ్. నిజామాబాద్ జిల్లాలో కమ్మర్‌పల్లి దగ్గరి పల్లె అది. ఊరి పేర్లలోనే కొలిమి వినిపిస్తుంది చూడండి. సర్వే పనిలో ఉన్న హెన్రీ వోయిసీ అనే అంగ్రేజ్ డాక్టర్ 1820ల్లో ఆ కొలుముల్ని దగ్గర నుంచి చూశాడు. ఆయన 1824లో చనిపోతే, రాసిపెట్టింది 1832లో కలకత్తాలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, ఒక పగలూ ఒక రాత్రీ బొగ్గుల్లో కాల్చేవారు. తర్వాత తొందరపడకుండా చల్లారనిచ్చేవారు. మూస పగలగొడితే లోపల ఉక్కు ముద్ద. దాన్ని కొనడానికి ఇస్ఫహాన్ నుంచి ఒక హాజీ సాబ్ అంత దూరం వచ్చి అక్కడ మకాం వేశాడని వోయిసీ రాశాడు. ఇరాన్‌లో ఇలాంటిది చేద్దామని ప్రయత్నించినా కుదరలేదట.

ఆ ముద్దలో నూటికి ఒకటిన్నర పాళ్ల దాకా కార్బన్ ఉండేది. మెల్లగా చల్లారిన ఉక్కును మరీ మండించకుండా, ఎర్రని వేడి మీదే ఓపికగా సుత్తితో సాగదీస్తే పైన నీటి అలల్లాంటి చారలు తేలుతాయి. ఫార్సీ, ఉర్దూలో ఆ చారల్ని జౌహర్ అంటారు. మనిషిలోని అసలు గుణానికీ అదే మాట. మన ఉస్తాదులు 'ఇసకే జౌహర్ ఖులే' అన్నప్పుడల్లా నాకు కొలిమే గుర్తొస్తుంది. కత్తి మెరుపుకూ, పదునుకూ 'ఆబ్' అన్న మాట కూడా నీళ్లదే.

హిందుస్తాన్ కత్తి అరబ్బులకు కొత్తది కాదు. దాన్ని 'ముహన్నద్' అనేవారు. 9వ శతాబ్దంలోనే అల్ కిందీ కత్తుల గురించి ప్రత్యేకంగా రిసాలా రాశాడు. ఉక్కు ఇక్కడిది, పేరు మాత్రం దిమిష్క్‌కు దక్కింది. ఫిరంగీలు ఆ బజార్లలో చూసి 'డమాస్కస్' అన్నారని చెబుతారు, అదే నిలిచిపోయింది. మన 'ఉక్కు' అన్న మాటే అంగ్రేజీలోకి పోయి 'ఊట్జ్' అయిందంటారు. 1795లో లండన్ రాయల్ సొసైటీలో దాని మీద పరిశోధన పత్రం చదివారు. అక్కడ దానికి ఆషిక్ అయినవాడు మాత్రం ఏ సిపాహ్‌సాలారో కాదు. చాకులూ, డాక్టర్ల పనిముట్లూ చేసే జేమ్స్ స్టోడార్ట్. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడేను కలుపుకొని ఆ ఉక్కు గుట్టు విప్పాలని చాలా తంటాలు పడ్డాడు. తారీఖ్ రాసేవాళ్లు షంషీర్ల దగ్గరే ఆగిపోతారు. వంటింటి ఛురీ దాకా రారు.

1856లో బెసెమర్ పద్ధతి వచ్చి విలాయతీ ఉక్కు చవకయ్యాక మన కొలుములు చల్లారిపోయాయి. 2010లో బెంగళూరు, బ్రిటన్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగితే దొరికింది చిట్టెం కుప్పలూ, మూస పెంకులే.

మూడేళ్ల కిందట మా ఛురీ దస్తా వదులైంది. బస్టాండు వెనక కొలిమి పెట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒక మూల ఆకురాయితో రుద్ది చూసి నవ్వాడు.

"ఇది లారీ కమాన్ పట్టా సాబ్. మా నాయిన గూడ ఇట్లనే చేసెటోడు."

నేను కోనసముద్రం అన్నాను, షంషీర్ అన్నాను. ఆయన వాదించలేదు. దస్తాను సన్నటి మంట మీద కాచి లాగితే పాత లక్క నల్లగా, పెళుసుగా రాలింది. కొత్త లక్క కరిగించి పోసి, ఇనుప తోకను మళ్లీ దించి బిగించాడు. ఇత్తడి బేల్‌బూటా మీద బొటనవేలు రాసి, "ఇది నా అసొంటోని పని గాదు. వడ్లాయన ఎవరో గానీ మంచి చెయ్యి," అన్నాడు. పదునుకు డబ్బులు తీసుకున్నాడు గానీ లక్కకు తీసుకోలేదు.

నాకు నిజంగా బాధ అనిపించింది ఫౌలాద్ కాదని తేలినందుకు కాదు. లారీ పట్టాను అంత పదునుగా సాగదీసిందెవరు, ఆ తీగ పొదిగిందెవరు? మా ఖాందాన్‌లో ఒక్కరికీ తెలియదు. లేని షంషీర్ కథ మూడు తరాలు నడిచింది. చేసినవాళ్ల పేరు ఒక తరం కూడా నిలవలేదు. దిమిష్క్ బజారును తప్పు పట్టడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇంటికొచ్చి అమ్మీకి చెప్పాను. ఆమె ఛురీని దుపట్టా కొసతో తుడిచి, పాత గుడ్డలో చుడుతూ అంది: "మీ దాదీ ఉన్నప్పుడు ఈ మాట అనేవాడివా?"