కొండ దారిలో సీవీటీ

తిరుమల కొండెక్కుతూ అలిపిరి తనిఖీ కేంద్రం దాటారు. లివర్ ‘డి’లో ఉంది. బ్రేకు మీద నుంచి కాలు తీయగానే కారు తనంతట తానే మెల్లగా కదిలింది. ముందు ఆర్టీసీ బస్సు, ఎడమ పక్క కొండ, ఎదురుగా ఏటవాలు.

బస్సును దాటుదామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారు. ఆర్‌పీఎం ముల్లు ఒక్క ఉదుటున 4,000కు ఎగబాకి అక్కడే నిలిచిపోయింది. ఇంజన్ ఒకే శ్రుతిలో హోరెత్తుతోంది. స్పీడు మాత్రం తాపీగా 30, 35, 40... గేర్లు మార్చి నడిపిన చెవికి ఇది అరిగిన క్లచ్ జారుతున్న చప్పుడే. కంగారు పడకండి, ఏదీ జారడం లేదు.

బానెట్ కింద ఉన్నది సీవీటీ, అంటే స్థిరమైన గేర్లు లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్: రెండు పుల్లీలు, వాటిని కలుపుతూ ఉక్కు బెల్టు. ఆయిల్ ప్రెషర్‌కు ఒక పుల్లీ పలకలు దగ్గరవుతుంటే రెండోదాని పలకలు ఎడమవుతున్నాయి. బెల్టు చుట్టు ఒకచోట పెరిగి, మరోచోట తగ్గి, గేరు నిష్పత్తి క్షణక్షణం మారుతోంది. ఇంజన్ బలంగా లాగే చోటే ఉండిపోయి, స్పీడే దాన్ని అందుకుంటోంది. మధ్యలో మెట్లు లేవు, అందుకే కుదుపూ లేదు. ఇంట్లో ఉన్న యాక్టివాలోనూ ఇదే పద్ధతి, కాకపోతే బెల్టు రబ్బరుది. 1958లో డచ్ కంపెనీ డాఫ్ తన చిన్న కారులో పెట్టిందీ రబ్బరు బెల్టులే.

వాలు తగ్గింది. కాలు కాస్త సడలించారు. ముల్లు 2,000కు దిగింది, హోరు అణిగింది, స్పీడు మాత్రం తగ్గలేదు. ఈ బండికి కావలసింది ఈ మెత్తని పాదమే.

దర్శనమైంది, తిరుగు ప్రయాణం. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇది; మలుపులు బిగువుగా ఉంటాయి. అసలు పరీక్ష ఇక్కడే. ‘డి’లో కాలు తీసేసినా కారు జోరు తగ్గడం లేదు. పెట్రోలు ఆదా కోసం నిష్పత్తి పైకి వెళ్లిపోయింది, ఇంజన్ పట్టు వదిలేసింది. మలుపు మలుపుకూ బ్రేకే దిక్కు. ముందు కారు నుంచి మాడు వాసన వస్తోంది.

లివర్ ‘ఎల్’కి దించారు. ముల్లు లేచింది, ఇంజన్ గట్టిగా మూలిగింది, ఎవరో వెనక నుంచి పట్టి ఆపినట్టు కారు నెమ్మదించింది. ఆ మూలుగు విని ఇంజన్ పాడవుతుందనుకుంటారు చాలామంది. పాడవదు, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోతే ఇప్పటి ఇంజన్లు ఆ సమయంలో పెట్రోలు కూడా దాదాపు తాగవు.

సీవీటీ కారులో కొండ దిగేవారు మొదటి మలుపు రాకముందే ‘ఎల్’లోకి మార్చుకోండి. మీ కారులో ఆ అక్షరం ‘ఎస్’ కావచ్చు, ‘బి’ కావచ్చు. బయలుదేరే ముందే చూసి పెట్టుకోండి.