పాలేరు జీతము - శాసనము

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప మన రామచంద్రపురము సీమలో వరిసాగు విస్తరించెను. బయానా యిచ్చి, ఏడాదికి పాలేరును కుదుర్చుకొనుట రైతులకు వాడుక. జీతము ధాన్యము, పని కోడికూత మొదలు రాత్రి పశువులకు మేతవేయువరకు. “పాలేరు కూలివాడు కాడు, ఇంటిమనిషి” అనుమాట వినుటకింపైనదే. కాని ఆ మాటచాటున పనిగంటలకు లెక్కలేకపోయెను.

తొలుత శాసనము యజమానుని పక్షమే వహించెను. 1859వ సంవత్సరపు 13వ చట్టము మద్రాసు మొదలైన మూడు నగరములకై పుట్టి, ఇతర సీమలకును విస్తరింపదగినదై యుండెను. బయానా పుచ్చుకొని పనిమానినవానిని సొమ్ము తీర్పుమనియో, పని చేయుమనియో మేజిస్ట్రేటు ఆజ్ఞాపించును. మీరినచో మూడు నెలలవరకు ఖైదు. జీతమెగవేసిన యజమానునికి మాత్రము అందు శిక్షలేదు. ఆ చట్టమును రద్దుచేయు శాసనము 1925లో వచ్చెను.

1948 నాటి కనీసవేతనముల చట్టము త్రాసును సరిచేసెను. వరిమిల్లులును వ్యవసాయమును దాని పట్టికలలో చేరెను. ప్రతిఫలమునకు పనిచేయువాడెవ్వడైనను పనివాడే యని అది నిర్వచించెను. నియమితకాలము మించిన పనికి అదనపు కూలి, జీతముల పుస్తకము, తగ్గించి యిచ్చినచో ఆ లోటునకు పదిరెట్లవరకు పరిహారము విధించెను. తక్కువకు సమ్మతించితినని పనివాడు వ్రాసియిచ్చినను ఆ యొడంబడిక చెల్లదనెను. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని, దానికి మూలమైన బాకీలను కొట్టివేసెను.

శాసనము పుస్తకమందున్నంత మాత్రమున జీతము చేతికందదు. తగవు రచ్చబండకు వచ్చినపుడు “ఎవరి మనిషి?” అని యడుగుట పాతపద్ధతి. “ఎన్ని గంటలు? ఎంత ముట్టినది? వ్రాత యేది?” అని యడుగుటయే ధర్మము.