తోమిన వెండి నాణెం గుర్తింపు
పాత వెండి నాణెపు సహజ ఉపరితలం నిలిచి ఉందా, తోమడం వల్లో రసాయనాల వల్లో పోయిందా అని తేల్చే నాణేశాస్త్ర పరీక్ష ఇది. 1862 నాటి విక్టోరియా రూపాయి (11.66 గ్రాములు, 91.7 శాతం వెండి) గాలిలోని గంధక వాయువుల వల్ల వెండి సల్ఫైడ్ పొర కట్టి, పసుపు ఛాయ నుంచి నీలం మీదుగా నలుపుకు తిరుగుతుంది. బూడిదతో తోమిన నాణెంపై, వాలు వెలుగులో 10 రెట్ల భూతద్దంతో చూస్తే సన్నని గీతలు కనిపిస్తాయి. అక్షరాల సందుల్లో నలుపు మిగిలి, చుట్టూ ఒకే తెలుపు ఉండటం మరింత బలమైన సాక్ష్యం. థయోయూరియా కలిసిన ఆమ్ల ద్రావణంలో ముంచినప్పుడు గీతలు పడవు. గుర్తింపు అక్కడే కష్టం. అరగని నాణేన్ని తిప్పినప్పుడు ముద్రణ నాటి మెరుపు చక్రపు ఆకుల్లా తిరగాలి. పలుమార్లు ముంచితే అది మందగిస్తుంది. పోయిన తొలి ఉపరితలం తిరిగి రాదు కనుక సేకరణ విలువ తగ్గుతుంది.